మగాలీ సోలియేర్: పెరూ తెర మీద క్వెచువా గొంతు

2009 ఫిబ్రవరి 14న బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అగ్ర బహుమతి గోల్డెన్ బేర్ ఒక పెరూ సినిమాకు దక్కింది. ఆ ఏడాది జ్యూరీకి అధ్యక్షురాలు టిల్డా స్వింటన్. సినిమా పేరు ‘లా తేతా అసుస్తాదా’. ‘బెదిరిన చనుబాలు’ అని చెప్పుకోవచ్చు. దర్శకురాలు క్లాడియా యోసాతో పాటు వేదిక ఎక్కిన కథానాయిక మగాలీ సోలియేర్ మైకు ముందు నిలబడి క్వెచువా భాషలో పాడింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. ఆండీస్ పర్వతాల్లో లక్షల మంది ఇళ్లలో మాట్లాడుకునే ఆ భాష యూరప్‌లోని అంత పెద్ద సినిమా వేదిక మీద వినిపించడం పెరూ అంతటా వార్త అయింది. రాజధాని లీమాలోని పత్రికలు పొంగిపోయాయి.

ఆ తర్వాత రెండు నెలలకే, 2009 ఏప్రిల్‌లో, అదే లీమాలో ఇంకో వార్త వచ్చింది. కుస్కో ప్రాంతం నుంచి ఎన్నికైన క్వెచువా పార్లమెంటు సభ్యురాలు ఇలారియా సూపా సభలో కూర్చుని స్పానిష్‌లో రాసుకుంటున్న నోట్సును ఒక పత్రిక ఫొటో తీసింది. అందులోని అక్షర దోషాలను మొదటి పేజీలో అచ్చు వేసి ఎగతాళి చేసింది. స్పానిష్ ఆమె మాతృభాష కాదు. బడికి వెళ్లే అవకాశం కూడా ఆమెకు సరిగా దొరకలేదు. వేదిక మీద పాడే క్వెచువా స్త్రీకి చప్పట్లు, చట్టసభలో కూర్చున్న క్వెచువా స్త్రీకి వెక్కిరింత. మగాలీ సోలియేర్ జీవితాన్నీ ఆమె ఎంచుకున్న సినిమాలనూ అర్థం చేసుకోవాలంటే ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఆమె పని మొత్తం ఈ రెండింటి మధ్యే నడిచింది.

సోలియేర్ 1986లో హువాంతాలో పుట్టింది. ఆయకూచో ప్రాంతంలో, సముద్ర మట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉన్న లోయ పట్టణం అది. పచ్చదనం వల్ల దానికి ‘ఆండీస్ పచ్చ’ అని ముద్దుపేరు ఉంది. ఆ పట్టణానికి పాటతో చాలా దగ్గరి సంబంధం. 1969 జూన్‌లో ఉచిత చదువు హక్కు కోసం వీధుల్లోకి వచ్చిన విద్యార్థుల మీద, రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ దారుణం మీద హువాంతాకే చెందిన రికార్దో దొలోరియేర్ కట్టిన ‘ఫ్లోర్ దె రెతామా’ పాటను పెరూలో ఏ నిరసన ఊరేగింపులోనైనా ఇప్పటికీ పాడతారు. అంటే సోలియేర్ పుట్టేనాటికే హువాంతాలో చావు గురించి, అన్యాయం గురించి పాడుకోవడం అలవాటైన పని.

ఆమె పుట్టిన కాలం ఇంకా ఘోరమైనది. 1980 మే 17న ఆయకూచోలోని చుస్చి అనే ఊళ్లో సెందేరో లూమినోసో అనే మావోయిస్టు దళం బ్యాలెట్ పెట్టెలు తగలబెట్టి సాయుధ పోరాటం మొదలుపెట్టింది. మర్నాడు పెరూలో సాధారణ ఎన్నికలు. చదవడం, రాయడం రానివాళ్లకు ఓటు హక్కు దక్కిన మొదటి ఎన్నికలు అవి. క్వెచువా పల్లెల్లో అత్యధికులు అంతవరకూ ఓటు లేకుండానే బతికారు. వాళ్లు మొట్టమొదటిసారి ఓటు వేయబోయే రోజుకు ముందురోజే వాళ్ల పేరు చెప్పుకునే విప్లవం ఆ ఓటు పెట్టెను కాల్చింది. ఆ తర్వాత 20 ఏళ్లు ఒకవైపు దళాలు, మరోవైపు సైన్యం, మధ్యలో పల్లెలు. 1983 జనవరిలో హువాంతా ప్రాంతంలోని ఉచురక్కాయ్ ఊళ్లో 8 మంది జర్నలిస్టులు హత్యకు గురయ్యారు. అదే సంవత్సరం నౌకాదళం హువాంతా మునిసిపల్ స్టేడియంలో మకాం వేసింది. పట్టుకెళ్లిన మనుషులను అక్కడే చిత్రహింసలు పెట్టారు, చాలామంది తిరిగి రాలేదు.

2003 ఆగస్టులో పెరూ సత్య సయోధ్య కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ హింసలో చనిపోయినవాళ్లు, అదృశ్యమైనవాళ్లు సుమారు 69,280 మంది. బాధితుల్లో నలుగురిలో ముగ్గురు క్వెచువా లేదా మరో ఆదివాసీ భాష మాట్లాడేవాళ్లు. మొత్తం మృతుల్లో 40 శాతానికి పైగా ఒక్క ఆయకూచో ప్రాంతం వాళ్లే. ఇంతమంది చనిపోతున్నారని లీమాకు చాలా ఏళ్లు పట్టనే లేదని, ఆ నిర్లక్ష్యానికి జాతి వివక్షే మూలమని కమిషన్ తేల్చిచెప్పింది. చనిపోయేవాళ్ల మాట వినిపించుకునేవాళ్లు లేకపోవడం ఆ యుద్ధంలో జరిగిన రెండో నేరం. సోలియేర్ తర్వాత చేసిన ముఖ్యమైన పాత్రలన్నీ ఈ రెండో నేరం చుట్టూనే తిరుగుతాయి.

ఆమె సినిమాల్లోకి వచ్చిన తీరు చాలాసార్లు చెప్పుకున్న కథే. క్లాడియా యోసా తన మొదటి సినిమాకు అమ్మాయిని వెతుక్కుంటూ ఆయకూచో ప్రాంతానికి వచ్చింది. సోలియేర్ అప్పుడు హువాంతాలో బడి పిల్లల యాత్రకు డబ్బు పోగుచేయడం కోసం తిండి అమ్ముతోంది. నటనలో ఏ శిక్షణా లేదు. ఈ కథను అద్భుతంలా చెప్పడం పత్రికలకు ఇష్టం. ఆ అద్భుతంలో ఒక లోటు కూడా ఉంది. ఆయకూచో అమ్మాయి సినిమాలోకి రావాలంటే లీమా నుంచి ఎవరో ఒకరు వచ్చి ఆమెను చూడాలి. ఆమె తనంతట తాను నడిచి వెళ్లగలిగే దారి 2000ల నాటి పెరూలో లేదు.

ఆ మొదటి సినిమా ‘మదేయినుసా’ 2006లో అమెరికాలోని సండాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. అదే ఏడాది రోటర్‌డామ్‌లో విమర్శకుల బహుమతి పొందింది. మనయాయ్‌కునా అనే కల్పిత పల్లెలో కథ జరుగుతుంది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం 3 గంటల నుంచి ఈస్టర్ ఆదివారం దాకా దేవుడు చనిపోయి ఉంటాడు కాబట్టి, ఆ వేళలో చేసిన ఏ పనీ పాపం కాదని ఆ ఊరి నమ్మకం. ఊరి పెద్ద అయిన తండ్రి ఆ మూడు రోజుల కోసం, సొంత కూతురి కోసం ఎదురుచూస్తుంటాడు. ఆ అమ్మాయి పేరు మదేయినుసా. లీమా వెళ్లిపోయిన తల్లిని వెతుక్కుంటూ తనూ వెళ్లిపోవాలన్నది ఆమె కోరిక. లీమా నుంచి దారి తప్పి వచ్చిన ఒక యువకుడు ఆమెకు దారిలా కనిపిస్తాడు. చివరికి ఆమె తండ్రికి విషం పెడుతుంది, నేరాన్ని ఆ యువకుడి మీదికి నెట్టి తన దారిన తను బయలుదేరుతుంది.

ఈ సినిమా మీద పెరూలో పెద్ద వాదనే నడిచింది. లీమాలో పెరిగిన ఉన్నత వర్గపు దర్శకురాలు, ప్రసిద్ధ నవలా రచయిత మారియో వర్గాస్ యోసా బంధువు, ఆండీస్ పల్లెను తాగుబోతుల, కామాంధుల గుంపుగా చూపించిందని చాలామంది మండిపడ్డారు. ఉచురక్కాయ్ హత్యల మీద విచారణ కమిషన్‌కు నాయకత్వం వహించింది ఆ వర్గాస్ యోసాయే. ఆ నివేదిక కొండ పల్లెలను కాలం ఆగిపోయిన లోకంలా చూసిందన్న విమర్శ ఆనాడే ఉంది. కాబట్టి ఆయకూచో వాళ్ల కోపానికి పాత కారణం కూడా తోడైంది. ఇది కల్పిత పండుగ, కల్పిత ఊరు అని సమర్థించినవాళ్లూ ఉన్నారు. కల్పన అన్న సమాధానం చాలదు. నిజమైన క్వెచువా పల్లెలు తెర మీద దాదాపు కనిపించని దేశంలో ఒక కల్పిత పల్లె వాటన్నిటి తరఫునా నిలబడిపోతుంది. అయితే, ఆ వాదనలో ఇరువైపులవాళ్లూ ఎక్కువగా దర్శకురాలి గురించే మాట్లాడారు. తెర మీద ఆ అమ్మాయి ఏం చేసిందో తక్కువమంది పట్టించుకున్నారు.

సోలియేర్ ఆ పాత్రను జాలిపడేలా చేయలేదు. తండ్రిని భరించేటప్పుడు, పరాయి యువకుడి ముందు నిలబడేటప్పుడు, చివర్లో అతని మీద నింద వేసేటప్పుడు ఆమె ముఖంలో లెక్క కనిపిస్తుంది. అమాయకురాలైన కొండ పిల్ల అనుకుని చూస్తున్నవాళ్లు ఆఖరికి ఆ యువకుడిలాగే మోసపోతారు. మాటల్లో చెప్పలేనిది పాటలో చెప్పడం కూడా ఈ సినిమాలోనే మొదలైంది. అక్కడ ఆమె పాడే క్వెచువా పాటలు కథకు అలంకారం కావు. ఆ పిల్ల మనసులో ఏముందో ప్రేక్షకుడికి తెలిసేది ఆ పాటల్లోనే. స్పానిష్‌లో ఆమె తగ్గి మాట్లాడుతుంది, క్వెచువాలో తగ్గదు.

ఇక్కడ ఆయకూచో పాట గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆ ప్రాంతంలో స్త్రీలు పాడే హరావి అనే పద్ధతి ఉంది. నాట్లప్పుడు, పెళ్లిళ్లలో, చావుల్లో పెద్దవయసు ఆడవాళ్లు గుంపుగా నిలబడి చాలా ఎత్తైన, సన్నని, ముక్కుతో కలిసిన గొంతుతో పాడతారు. బయటివాళ్లకు మొదటిసారి వింటే అది పాటా ఏడుపా అని సందేహం వస్తుంది. వాద్యం ఉండకపోవచ్చు. మాటలు అప్పటికప్పుడు కట్టుకోవచ్చు. ఎవరి బాధ వాళ్ల పాట. సోలియేర్ సినిమాల్లో వాద్యం లేకుండా, దాదాపు గుసగుసలా మొదలుపెట్టి పాడే తీరు వెనుక ఈ అలవాటు వినిపిస్తుంది. స్టూడియో గాయనిగా ఆమెను కొలిస్తే ఈ సంగతి తప్పిపోతుంది.

‘లా తేతా అసుస్తాదా’లో ఈ బలం పూర్తిగా బయటపడింది. సినిమా చీకటి తెర మీద ఒక ముసలి గొంతు పాటతో మొదలవుతుంది. చావుమంచం మీద ఉన్న తల్లి తన మీద జరిగిన అత్యాచారాన్ని, భర్త హత్యను క్వెచువాలో మెల్లగా, లాలిపాటలా పాడుతుంది. వినడానికి తియ్యగా ఉంటుంది, సబ్‌టైటిల్ చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. తల్లి తర్వాత కూతురు ఫౌస్తా పాటతోనే బదులు చెబుతుంది. ఆ కూతురే సోలియేర్. యుద్ధంలో బలాత్కారానికి గురైన తల్లుల భయం చనుబాల ద్వారా బిడ్డలకు వస్తుందని ఆయకూచో పల్లెల్లో నమ్ముతారు. మానవ శాస్త్రవేత్త కింబర్లీ థైడన్ అక్కడి స్త్రీలతో మాట్లాడి ఈ నమ్మకాన్ని నమోదు చేసింది. యోసా ఆ పరిశోధన నుంచే కథ అల్లుకుంది. ఫౌస్తా ఒంటరిగా వీధిలో నడవలేదు, గోడలను ఆనుకుని నడుస్తుంది. తనను ఎవరూ తాకకుండా ఉండాలని శరీరం లోపల ఒక బంగాళాదుంప పెట్టుకుంటుంది. అది లోపలే మొలకెత్తుతుంటే మొలకలను కత్తిరించుకుంటూ ఉంటుంది.

కథ జరిగేది లీమా శివారులోని మంచాయ్‌లో. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆండీస్ కుటుంబాలు ఇసుక గుట్టల మీద కట్టుకున్న బస్తీ అది. తల్లి శవాన్ని సొంత ఊరికి తీసుకెళ్లడానికి డబ్బు కావాలి. అందుకోసం ఫౌస్తా ఒక ధనిక పియానో కళాకారిణి ఇంట్లో పనికి కుదురుతుంది. ఆ యజమానురాలికి కొత్త స్వరాలు తట్టడం లేదు. పనమ్మాయి తనలో తాను పాడుకుంటున్న పాట ఆమె చెవిన పడుతుంది. ఊళ్లో సంగీతకారులు జలకన్యతో ఒప్పందం చేసుకుంటారని, ఆ ఒప్పందం ఎన్నాళ్లో తెలియాలంటే గుప్పెడు కినోవా గింజలు తెచ్చి జలకన్యను లెక్కపెట్టమంటారని ఆ పాట చెబుతుంది. గింజలు లెక్కపెట్టీ పెట్టీ జలకన్య అలసిపోతుంది. యజమానురాలు ఒక బేరం పెడుతుంది: పాడిన ప్రతిసారీ తెగిన హారంలోంచి ఒక ముత్యం. ముత్యాలన్నీ కూడాక ఆ పాట కచేరీ హాల్లో పియానో మీద పలుకుతుంది, చప్పట్లు మోగుతాయి. ఆ పాట ఎవరిదో ఎవరికీ చెప్పరు. కారులో వెనక్కి వస్తూ ఫౌస్తా సంతోషంగా ఒక మాట అనగానే ఆమెను నడిరోడ్డు మీద దించేస్తారు.

సోలియేర్ జీవితం గురించి రాసేవాళ్లు ఈ ఘట్టాన్ని దాటేయడం న్యాయం కాదు. లీమా ఉన్నత వర్గానికి చెందిన కళాకారిణి ఒక క్వెచువా అమ్మాయి గొంతును వాడుకుని పేరు తెచ్చుకోవడమే ఆ కథ. లీమా ఉన్నత వర్గానికి చెందిన దర్శకురాలు ఒక క్వెచువా అమ్మాయి గొంతుతో గోల్డెన్ బేర్ గెలవడం ఆ సినిమా చరిత్ర. యోసాకు ఈ పోలిక తెలియకుండా ఉండదు, తనను తాను ప్రశ్నించుకునే దృశ్యమే రాసిందనిపిస్తుంది. కథకూ వాస్తవానికీ ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. సినిమాలో వినిపించే పాటల్లో సోలియేర్ స్వయంగా కట్టినవి ఉన్నాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. బెర్లిన్‌లో పాడింది కూడా ఆమే. ఫౌస్తాకు దక్కనిది సోలియేర్ దక్కించుకుంది. ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి పెరూ సినిమా కూడా అయింది. బహుమతి మాత్రం అర్జెంటీనా సినిమాకు వెళ్లింది.

బెర్లిన్ సంవత్సరంలోనే ఆమె మొదటి ఆల్బమ్ ‘వార్మి’ వచ్చింది. పాటలు చాలావరకూ క్వెచువాలో, ఆమె కట్టినవే. సంగీతం మాత్రం పల్లె పండుగల వాద్యాలకే కట్టుబడకుండా ఆధునిక వాద్యాలతో నడుస్తుంది. ఆ తర్వాత ‘కోకా కింతుచా’ అనే రెండో ఆల్బమ్ చేసింది. ఈ ఎంపిక ఎంత ముఖ్యమైనదో తెలియాలంటే ఆమెకు ముందు ప్రపంచానికి తెలిసిన పెరూ గాయని ఈమా సుమాక్‌ను గుర్తు చేసుకోవాలి. 1950లో అమెరికాలో విడుదలైన మొదటి ఆల్బమ్‌తో ఆమె సంచలనం అయింది. 1954లో చార్ల్‌టన్ హెస్టన్‌తో కలిసి ఇంకాల నిధి చుట్టూ తిరిగే హాలీవుడ్ సినిమాలో నటించింది. నాలుగు ఆక్టేవులు దాటే గొంతు ఆమెది, అందులో అనుమానం లేదు. అయితే కంపెనీలు ఆమెను ఇంకా సామ్రాజ్యపు రాజకుమారిగా, ఈకల కిరీటంతో అమ్ముకున్నాయి. ఆండీస్ సంగీతాన్ని ప్రాణంగా చూసుకున్న రచయిత హోసే మరియా ఆర్గేదాస్ ఆమె పాట తీరును 1940లలోనే గట్టిగా విమర్శించాడు. సుమాక్ క్వెచువా వినేవాళ్లకు ఎప్పుడో గతించిన సామ్రాజ్యపు ధ్వని. సోలియేర్ క్వెచువాలో బస్తీలు, పనిమనుషులు, యుద్ధంలో పోయినవాళ్లు, ఇప్పటి ఆడపిల్లలు ఉన్నారు. ఇద్దరి మధ్యా అర్ధశతాబ్దం దూరం ఉంది. ఆ మధ్యకాలంలోనే, 1975లో, వెలాస్కో సైనిక ప్రభుత్వం క్వెచువాను అధికార భాషగా ప్రకటించింది. ప్రకటన కాగితం మీదే మిగిలిపోయింది. 2006లో ఇలారియా సూపా, మరియా సుమీరె పార్లమెంటులో క్వెచువాలో ప్రమాణం చేస్తే సహ సభ్యులే అభ్యంతరం చెప్పారు.

గోల్డెన్ బేర్ తర్వాత విదేశీ దర్శకులతో ఆమె చేసిన సినిమాలు వచ్చాయి. ‘ఆల్టిప్లానో’ బెల్జియం దర్శకుల సినిమా. కొండ ఊళ్లో గని పాదరసం ఒలికి జనం జబ్బు పడటం అందులో కథ. 2000 జూన్‌లో పెరూ ఉత్తర ప్రాంతంలోని చోరోపంపాలో నిజంగానే పాదరసం ఒలికింది. అదేమిటో తెలియని జనం చేతులతో ఏరుకుని ఇళ్లకు తీసుకెళ్లి విషానికి గురయ్యారు. స్పెయిన్‌లో తీసిన ‘ఆమదోర్’లో ఆమె మాడ్రిడ్‌లో బతుకు వెళ్లదీసే గర్భిణి. మంచం పట్టిన ముసలాయనకు సేవ చేసే పని దొరుకుతుంది, ఆయన చనిపోతే జీతం పోతుందని ఆ చావును దాచిపెడుతుంది. ‘బ్లాక్‌థార్న్’లో శామ్ షెపర్డ్ పక్కన బొలీవియా పల్లె స్త్రీగా కనిపిస్తుంది, అందులో ఆమెకు దక్కిన పని తక్కువ. వీటిలో ‘ఆమదోర్’ గురించే గట్టిగా చెప్పుకోవాలి. పేదరికం మనిషి చేత ఏ తప్పు చేయిస్తుందో, ఆ తప్పు చేస్తూ కూడా మర్యాద ఎలా నిలుపుకుంటారో చాలా తక్కువ మాటలతో చూపించింది. చచ్చిపోయిన మనిషి గది తలుపు తెరిచేటప్పుడు ఆమె ముఖంలో భయం కన్నా ముందు లెక్క కనిపిస్తుంది. మదేయినుసా ముఖంలో కనిపించిన లెక్కే అది.

2014లో ఆమె పేరు సినిమాతో సంబంధం లేకుండా వార్తల్లోకి వచ్చింది. లీమాలో మెట్రోపొలితానో బస్సులో ఒక మగవాడు తన పట్ల అసభ్యంగా ప్రవర్తించాడని ఆమె బయటపెట్టి ఫిర్యాదు చేసింది. చాలామంది ఆడవాళ్లు అలాంటివి రోజూ భరిస్తూ, చెబితే ఏం లాభం అనుకుని ఊరుకునేవాళ్లు. తెలిసిన ముఖం ఒకటి ఎదురుతిరగడంతో విషయం టీవీ చర్చల దాకా, చట్టసభ దాకా వెళ్లింది. బహిరంగ ప్రదేశాల్లో లైంగిక వేధింపులను అరికట్టే 30314 నంబరు చట్టం 2015 మార్చిలో వచ్చింది. ఆ చట్టం వెనుక ఎందరో మహిళా కార్యకర్తల పోరాటం ఉంది. ఆ పోరాటానికి ఊపు తెచ్చిన సంఘటనల్లో సోలియేర్ ఫిర్యాదు ఒకటి. సినిమాలో గోడను ఆనుకుని నడిచే ఫౌస్తా పాత్ర చేసిన మనిషి బస్సులో మాత్రం నోరు విప్పింది.

ఆ మరుసటి ఏడాదే ‘మగయానెస్’ వచ్చింది. నటుడు సల్వదోర్ దెల్ సొలార్‌కు దర్శకుడిగా అది తొలి సినిమా. ఆయన తర్వాత 2019లో పెరూ ప్రధాని కూడా అయ్యాడు. కథలో మగయానెస్ అనే టాక్సీ డ్రైవర్ ఒకప్పుడు ఆయకూచోలో సైనికుడు. ఒక రోజు అతని టాక్సీలో ఒక స్త్రీ ఎక్కుతుంది. యుద్ధకాలంలో ఒక కర్నల్ బాలికగా ఉన్న ఆమెను క్యాంపులో బంధించి వాడుకున్నాడు, అప్పుడు ఈ డ్రైవర్ అక్కడే ఉన్నాడు. ఇప్పుడతనికి పశ్చాత్తాపం. ఆమె అప్పులు తీర్చాలని, ఏదో ఒక విధంగా పరిహారం ఇవ్వాలని తాపత్రయపడతాడు. ఆ స్త్రీ సెలీనా పాత్ర సోలియేర్‌ది. చివర్లో పోలీస్ స్టేషన్ దృశ్యం ఉంది. డబ్బుతో సర్దుబాటు చేసే ప్రయత్నం జరుగుతుంది. అప్పటిదాకా స్పానిష్‌లో పొదుపుగా మాట్లాడిన సెలీనా ఒక్కసారిగా క్వెచువాలోకి మారి ఆ మగవాళ్లందరినీ కడిగేస్తుంది. ఆ మాటలకు సబ్‌టైటిళ్లు పెట్టలేదు.

సోలియేర్ నట జీవితం మొత్తంలో అత్యంత శక్తివంతమైన నిమిషాలు ఇవే అనడానికి సందేహించనక్కర్లేదు. క్వెచువా రాని ప్రేక్షకుడు ఆ గదిలోని పోలీసు అధికారి పక్కన కూర్చోవలసి వస్తుంది. కోపం అర్థమవుతుంది, మాట అర్థం కాదు. ఆ ప్రేక్షకుడే దశాబ్దాల పాటు వినిపించుకోని లీమా. క్వెచువా వచ్చినవాళ్లకు మాత్రం, ఎప్పుడూ కింద అక్షరాలు చదువుకుంటూ సినిమా చూడవలసి వచ్చినవాళ్లకు, ఆ ఒక్కసారి ఏ అక్షరాల అవసరమూ ఉండదు. సత్య కమిషన్ నమోదు చేసిన అత్యాచారాల్లో సుమారు 83 శాతానికి ప్రభుత్వ బలగాలే బాధ్యులని తేలింది. అయినా కేసులు ఏళ్ల తరబడి కదల్లేదు. హువాంకావెలికా ప్రాంతంలోని మాంతా, విల్కా ఊళ్ల స్త్రీల మీద 1984 నుంచి జరిగిన అత్యాచారాలకు పదిమంది మాజీ సైనికులకు శిక్ష పడింది 2024 జూన్‌లో. ఫిర్యాదు చేసిన స్త్రీలు అప్పటికి ముసలితనంలోకి వచ్చేశారు. సినిమాలో సెలీనా పరిహారపు డబ్బు తీసుకోకపోవడం ఎంత సూటిగా దేశానికి తగిలిందో ఈ తేదీలు చూస్తే తెలుస్తుంది.

2017లో యునెస్కో సోలియేర్‌ను ‘ఆర్టిస్ట్ ఫర్ పీస్’గా నియమించింది. ఆదివాసీ భాషల కోసం ఆమె చేస్తున్న కృషికి అది గుర్తింపు. ఆ ఏడాది పెరూ జనాభా లెక్కల్లో 37 లక్షల మందికి పైగా క్వెచువాను మాతృభాషగా చెప్పుకున్నారు. తమను తాము క్వెచువాలుగా చెప్పుకున్నవాళ్లు 51 లక్షలకు పైనే. ఈ రెండు అంకెల మధ్య దూరంలో పిల్లలకు భాష నేర్పకుండా ఆపేసిన ఎన్నో ఇళ్లు ఉన్నాయి. నగరంలో నవ్వుతారని, యుద్ధకాలంలోనైతే అనుమానిస్తారని, తల్లిదండ్రులు పిల్లలతో స్పానిష్‌లోనే మాట్లాడారు. 2016 డిసెంబర్‌లో ప్రభుత్వ టీవీలో క్వెచువా వార్తలు మొదలయ్యేదాకా ఆ భాషలో వార్తలు చదివే మనిషిని టీవీలో రోజూ చూసే అవకాశమే ఉండేది కాదు. అంతకు పదేళ్ల ముందు నుంచే సినిమాలో క్వెచువాను సోలియేర్ మోస్తూ వచ్చింది.

‘రెతాబ్లో’ ఈ దారిలో సహజంగా వచ్చిన సినిమా. ఆయకూచోలో తయారయ్యే చెక్క పెట్టెల బొమ్మల కళ పేరే రెతాబ్లో. సినిమా దాదాపు అంతా క్వెచువాలోనే నడుస్తుంది. బొమ్మలు చేసే తండ్రి రహస్యాన్ని కొడుకు తెలుసుకోవడం, పురుషులతో అతని సంబంధం బయటపడ్డాక ఊరు చూపించే క్రూరత్వం ఇందులో కథ. సోలియేర్ తల్లి అనతోలియాగా చేసింది. పాత్ర నిడివి పెద్దది కాదు. భర్తను ప్రేమించే, ఊరికి భయపడే, చివరికి ఊరి వైపే నిలబడే స్త్రీ ఆమె. బాధితురాలి పాత్రలతో పేరు తెచ్చుకున్న నటి ఇక్కడ బాధ పెట్టేవాళ్ల పక్కన నిలబడి కూడా ఆ పాత్రను అర్థమయ్యేలా చేసింది. ఆ సినిమా బెర్లిన్‌లో స్వలింగ ప్రేమ వంటి ఇతివృత్తాల సినిమాలకు ఇచ్చే టెడ్డీ బహుమతుల్లో కొత్త ప్రతిభ పురస్కారం పొందింది, తర్వాత పెరూ తరఫున ఆస్కార్ ఎంట్రీగా వెళ్లింది.

అత్యాచారానికి గురైన బాలిక, భయంతో కుంగిన కూతురు, గని విషానికి ఆత్మీయుణ్ని పోగొట్టుకున్న స్త్రీ, ఇంటి పనమ్మాయి, ముసలివాళ్లకు సేవ చేసే వలస కూలి. ఒక నటికి పదేళ్లలో వచ్చిన పాత్రలు ఇవి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే గొప్ప పాత్రే. కలిపి చూస్తే, క్వెచువా స్త్రీ అనగానే గాయపడిన మనిషే గుర్తొచ్చే పరిశ్రమ ఊహ ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. డాక్టరుగానో, టీచరుగానో, పోలీసుగానో, తమాషా చేసే స్నేహితురాలిగానో ఆమెను ఊహించినవాళ్లు తక్కువ. 2018లో మెక్సికో నుంచి ఆదివాసీ నటి యలిత్సా అపారిసియో వచ్చి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది కూడా పనమ్మాయి పాత్రతోనే. ఇది నటుల లోపం కాదు, కథలు రాసేవాళ్ల లోపం.

అందుకే 2019లో టొరంటోలో ప్రదర్శితమైన ‘లీనా దె లీమా’ను ప్రత్యేకంగా చూడాలి. చిలీ దర్శకురాలు మరియా పాస్ గొన్సాలెస్ తీసిన సినిమా ఇది. ఇక్కడా సోలియేర్ పనమ్మాయే, శాంతియాగోలో ఒక ధనిక కుటుంబం ఇంట్లో. కొడుకు పెరూలో ఉన్నాడు, డబ్బు పంపాలి, ఒంటరితనం ఉంది. అంతవరకూ పాత దారే. సినిమా మధ్యమధ్యలో లీనా ఊహల్లోకి వెళ్తుంది, అక్కడ పాటలు, రంగురంగుల బట్టలు, డ్యాన్సులు. ఆమెకు కోరికలు ఉన్నాయి, ఫోన్‌లో మగవాళ్లను కలుస్తుంది, తనకు నచ్చినట్టు రాత్రులు గడుపుతుంది, దానికి సినిమా ఆమెను శిక్షించదు. శరీరం అంటే భయమే అయిన ఫౌస్తాను పదేళ్ల కిందట చేసిన నటి, ఇక్కడ ఆ శరీరంతోనే నవ్వుతుంది, ఆడుతుంది. ఆమె పాట కూడా ఇక్కడ ఏడుపు నుంచి బయటికి వచ్చింది.

ఇక్కడ చెప్పుకున్న సినిమాల దర్శకులంతా ఆండీస్ పల్లెలకు బయటివాళ్లే. లీమా, బెల్జియం, స్పెయిన్, చిలీ. క్వెచువాలో సినిమా కొత్తదేమీ కాదు. కుస్కోలో 1961లోనే ‘కుకులి’ అనే పూర్తి నిడివి సినిమా ఆ భాషలో వచ్చింది. ఆయకూచోలో పాలితో ఒర్తేగా మతుతె వంటివాళ్లు తక్కువ డబ్బుతో, సొంత ఊరి జనంతో యుద్ధకాలం మీద సినిమాలు తీశారు. అవి లీమా థియేటర్లకు చేరడం, అక్కడ కొన్ని రోజులు నిలవడం ఇప్పటికీ కష్టమే. ఆదివాసీ భాషల్లో తీసే సినిమాలకు పెరూ సంస్కృతి శాఖ కొంత నిధి ఇస్తోంది. పునో ఎత్తైన మైదానాల నుంచి ఓస్కార్ కతకోరా 2017లో మరో ఆండీస్ భాష ఐమారాలో తీసిన ‘వినాయ్‌పాచా’ ఆ దారి ఎంత దూరం వెళ్లగలదో చూపించింది. సోలియేర్‌కు 19 ఏళ్ల వయసులో లేని దారి ఇదే. హువాంతాలో పుట్టిన అమ్మాయి సొంత కథను సొంత భాషలో రాసుకుని, కెమెరా వెనుక నిలబడి, కావాలంటే అందులో సోలియేర్‌కు డాక్టరు పాత్ర ఇవ్వడానికి కావలసిన డబ్బు, శిక్షణ, థియేటర్ల మీద జరగాల్సిన చర్చ పెరూలో ఇంకా నడుస్తూనే ఉంది.